పాతర దగ్గర నేనన్న మాట

పదహైదేండ్లకు పైగా ఒక మాటను మోస్తాండాను. నోట్లోంచి వచ్చేసిన మాటను మళ్ళీ మోసేదేముంది అంటారేమో. ఉంది. ఆ మాట విన్న మనిషి వినిన కాసేపటికే చచ్చిపోయినాడు. ఇంకెవరూ వినలేదు. అందుకే అది నా దగ్గరే ఉండిపోయింది.

నా పేరు చెప్పను. పేరు దాచిపెట్టి చెప్పేది కూడా తప్పు ఒప్పుకున్నట్టేనా అని నన్ను నేనే అడిగినాను. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అయినా ఎవరో ఒకరు ఎదురుగా కూర్చున్నారనుకుంటే తప్ప నాకు మాట పెగలదు. మీరు కూర్చోండి. ఓదార్చొద్దు.

నా మరిది మద్దిలేటి జొన్నల పాతరలో పోయినాడు. అన్న లోపల పడిపోయినాడని తెలిసి, ఎవరెంత ఆపినా వినకుండా, తనంతట తానే దిగి అన్నను బతికించి తాను పోయినాడని మా ఊర్లో చెప్పుకుంటారు. ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ కథను మొదట చెప్పింది నేను. అందులో సగం అబద్ధం.

మాది ఆదోని. మా నాయన పత్తి మండీలో గుమాస్తా. పదో తరగతి దాకా చదివిపిచ్చి, నందవరం దగ్గర ఒక పల్లెలో సేద్యం చేసుకునే ఇంటికి నన్నిచ్చినాడు. ఇంట్లో మా అత్త, నా మొగుడు ఈరన్న, ఆయన తమ్ముడు మద్దిలేటి. అన్నదమ్ములు చేను పంచుకోలేదు. పంచుకోవాలన్న ఆలోచన వాళ్ళకు రానేలేదు. మద్దిలేటి నాకంటే ఒక ఏడాది చిన్న. మాటలు తక్కువ ఆయప్పకు; ఆయన అనేదాన్ని మా తట్టు ఆయప్ప అంటారు. ఆదోని నుంచి వచ్చిన కొత్తలో నాకు రాగిసంకటి తినడం చేతకాక, ముద్ద గొంతులో అడ్డం పడితే, అందరూ నవ్వినారు గానీ ఆయప్ప నవ్వలేదు. మరుసటి రోజు నుంచి నా కంచం పక్కన మజ్జిగ చెంబు పెట్టేటోడు. తర్వాత ఆయప్పకు తుగ్గలి తట్టు నుంచి సుంకమ్మను తెచ్చి పెండ్లి చేసినారు. ఆ పిల్లకు పద్దెనిమిది ఉంటాయేమో. వచ్చినప్పటి నుంచి నన్ను అక్కా అనే పిలుస్తుంది.

పాతర అంటే ఇప్పటి పిల్లోళ్ళకు తెలీదేమో. భూమిలో తవ్విన గుంత. పైన మనిషి పట్టేంత మూతి, లోపల కుండ కడుపు మాదిరి వెడల్పు. చుట్టూ చొప్ప పరిచి, జొన్నలు నింపి, మూతి మీద బండ వేసి మన్ను కప్పుతారు. ఏండ్ల తరబడి గింజ చెడదు. మా పాతర ఇంటి ముందరే, వీధికి ఒక పక్కన ఉండె. పాతర తెరిచిన రోజు ఎవరూ దిగరు. గాలి పోనిస్తారు. తర్వాత లాంతరు వెలిగించి తాడుతో దింపుతారు. దీపం నిలబడితే మనిషి దిగొచ్చు. ఆరిపోతే ఆగాల. ఊర్లో చిన్న పిల్లోళ్ళకు కూడా ఈ సంగతి తెలుసు.

ఆ ఎండాకాలం మేము పాతర తెరిచినాము. మొదటి రోజు గాలి పోనిచ్చినాము. రెండో రోజు లాంతరు దింపితే బాగా వెలిగింది. నా మొగుడు దిగి గంపలు నింపితే మద్దిలేటి పైన తాడు పట్టి లాగినాడు. పై జొన్నలన్నీ ఇంటికి చేరినాయి. అడుగున ఇంకా సగం ఉండె. మూడో రోజు పొద్దున్నే ముంగారు మబ్బులు పట్టినాయి. వాన పడితే పాతరలోకి నీళ్ళు పోతాయి. బిరబిర తీసేద్దామని నా మొగుడు తొందరపడినాడు. లాంతరు దింపలేదు. నిన్న దిగినాము గదా, ఈ పొద్దు ఏమైతాది అనుకున్నాడు. నేను కూడా అట్లే అనుకున్నాను. అది తప్పు అని ఆదోని ఆసుపత్రిలో డాక్టరు తర్వాత చెప్పినాడు. గింజ కూడా ఊపిరి తీసుకుంటుందంట. పైన జొన్నలు తీసేసరికి లోపల ఖాళీ ఏర్పడింది. రాత్రంతా మూతికి గోనెపట్టాలు కప్పి పెట్టినాము. కింది గింజలు వదిలిన చెడుగాలి బరువుగా అడుగున నిలబడిపోయింది. దానికి రంగు లేదు. పులిసిన వాసన ఒకటి ఉన్నా, అది పాతరలో ఎప్పుడూ ఉండేదే. ఎవరు అనుమానపడతారు?

ఒక గంప పైకి వచ్చింది. రెండో గంప కోసం మద్దిలేటి తాడు కదిలించినాడు. కింద నుంచి ఏమీ లేదు. అన్నా అని పిలిచినాడు. మళ్ళీ పిలిచినాడు. నేను ఇంట్లో నుంచి పరిగెత్తుకొచ్చి తొంగి చూసినాను. నా మొగుడు జొన్నల మీద పక్కకు ఒరిగి ఉన్నాడు. నోరు తెరుచుకోని ఉండె. నిద్రపోయినోని మాదిరి ఉన్నాడు.

మద్దిలేటి అప్పుడే దిగబోయినాడు. ఇది నిజం. కాలు కూడా మూతిలో పెట్టినాడు. ఎదురింటి బసప్ప తాత వచ్చి రెక్క పట్టుకోని ఈడ్చినాడు. తాత పెద్ద కేకలేమీ వేయలేదు. గాలి చెడింది, నువ్వు దిగితే ఇద్దరినీ తీయాల్సొస్తుంది, బావిలో పడిన చేదలు తీసే గరిగె తెప్పిస్తా, కొక్కెం పంచెకు తగిలించి పైకి లాగుదాం, అంతవరకు ఈడనే ఉండు అని చెప్పినాడు. వేపమండలు విరిచి తాడుకు కట్టి లోపల ఊపండి, గాలి కదులుతుంది అని కూడా చెప్పినాడు. చెప్పి, గరిగె ఉన్న ఇంటికి తానే పోయినాడు. మా అత్త మండల కోసం పెరట్లోకి పరిగెత్తింది.

మద్దిలేటి ఆగినాడు. ఏడుస్తా ఆగినాడు. తాత చెప్పింది వినాలన్న తెలివి ఆయప్పకు ఉండె. తాడును వదల్లేదు. ఇప్పుడు తలుచుకుంటే, ఆ నిలబడడానికి ఎంత ధైర్యం కావాలో తెలుస్తుంది. దూకేదానికి అంత అక్కర లేదు.

పాతర మూతి దగ్గర మేమిద్దరమే ఉన్నాము. నేను కింద ఉన్న నా మొగున్ని చూసినాను. పైన నిలబడిన ఆయన తమ్మున్ని చూసినాను. నాలో ఏదో విషం పొంగింది. భయం అని చెప్పుకుంటే నాకు సులువు. భయమే అయితే నేను దిగు అని ఏడ్చేదాన్ని. నేను ఏడవలేదు. మెల్లగా, ఆయప్పకు మాత్రమే వినపడేటట్టు అన్నాను.

"మీ అన్న పోతే చేనంతా నీదేనని గమ్మున నిలబడినావా?"

ఆయప్ప నా వైపు తిరిగినాడు. కోపం లేదు ఆ ముఖంలో. కోపం ఉంటే నేను ఇన్నేండ్లు ఇంత నలిగేదాన్ని కాదేమో. మజ్జిగ చెంబు నా పక్కన పెట్టేటప్పుడు ఎట్లుంటాడో అట్లే ఉన్నాడు, కాకపోతే పెదవులు తెల్లగా అయినాయి.

"అంత మాట అనొద్దు వదినా. దిగుతాండా."

భుజం మీది తుండుగుడ్డ తీసి పక్కనున్న తొట్టిలో ముంచి ముక్కుకు కట్టుకున్నాడు. తాడు ఒక కొసను గడపరాయికి కట్టి దిగినాడు. దాన్ని తన నడుముకు కట్టుకోలేదు. ఉన్నది ఒకటే తాడు, దాన్ని అన్నకు కట్టాల గదా. కింద కాలు పెట్టినాడు. వంగినాడు. అన్న చంకల కింద తాడు దూర్చి ముడి వేసినాడు. ముడి వేసేటప్పుడే ఆయప్ప చేతులు ఆలస్యంగా కదలడం నాకు పైనుంచి కనపడింది. లాగు అన్నట్టు ఒకసారి చేయి ఎత్తినాడు. తర్వాత మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నుదురు జొన్నలకు ఆనింది. అంతే.

నేను కేక వేసినాను. అప్పుడు వేసినాను కేక. జనం వచ్చినారు. నా మొగున్ని లాగినారు. తాడు విప్పి మళ్ళీ కిందికి వదిలినారు, పట్టుకునే చేయి లేదు. ఇంకొకాయన దిగబోతే బసప్ప తాత అడ్డం పడుకున్నాడు. గరిగె తెచ్చినాడు తాత. ఆ గరిగె కొక్కెం మద్దిలేటి పంచెకు, మొలతాడుకు తగిలింది. ఆయన్ను దానితోనే పైకి తీసినారు. తీయడానికి పెద్ద సేపు కూడా పట్టలేదు.

ఇది విని మీరేమనుకుంటున్నారో నాకు తెలుసు. నేనూ ప్రతిరోజూ అదే అనుకుంటాను. గరిగె వచ్చేదాకా ఆగింటే, అదే కొక్కెంతో నా మొగున్ని తీసేటోళ్ళేమో. ఇద్దరూ బతికేటోళ్ళేమో. లేకపోతే ఆ కాస్త ఆలస్యానికి నా మొగుడు పోయేటోడేమో. డాక్టరును ఒకసారి డొంకతిరుగుడుగా అడిగినాను. ఆయన చెప్పలేనమ్మా అన్నాడు. తడిగుడ్డ దుమ్మును ఆపుతుంది గానీ లోపల లేని గాలిని ఇయ్యలేదు అన్నాడు. పడినోన్ని కాపాడాలని ఉత్తచేతులతో దిగినోళ్ళు పడినోని పక్కనే పడతారు, నేను అట్లాంటివి చూసినాను అన్నాడు. మీ మరిదికి ఎవరూ చెప్పలేదా అని అడిగినాడు. చెప్పినారు సార్, వినలేదు అన్నాను. ఆసుపత్రి వరండాలో, నా మొగుని మంచం పక్కన నిలబడి, నేను చెప్పిన మొదటి అబద్ధం అది.

ఇంకొకటి ఉంది. దీన్ని చెప్పడమే అన్నిటికంటే కష్టం. మద్దిలేటి పోయినాడని నా గుండె పగిలింది, నిజమే. అయితే నా మొగుడు మంచం మీద కండ్లు తెరిచిన రోజున నేను సంతోషపడినాను. మళ్ళీ ఆ పాతర దగ్గర నిలబడితే ఆ మాట అనకుండా ఉంటానా అని ఎన్నిసార్లు నన్ను నేనే అడిగినానో. అనను అని గట్టిగా చెప్పలేకపోయినాను. నా పశ్చాత్తాపంలో ఈ బొక్క ఒకటి ఉంది. దాన్ని మీ ముందర కప్పిపెట్టను.

సుంకమ్మ ఆ పొద్దు వంకకు బట్టలుతకడానికి పోయింది. వచ్చేసరికి మొగున్ని వీధిలో పడుకోబెట్టి ఉన్నారు. ఏడవలేదు. మూడో రోజు నేను ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చినాక, నా పక్కకు వచ్చి కూర్చోని అడిగింది.

"దిగేముందు నన్నేమన్నా తలుచుకున్నాడా అక్కా?"

ఆయప్ప దిగేముందు ఏమన్నాడో నాకు మాత్రమే తెలుసు. అది చెప్పాలంటే నేనేమన్నానో చెప్పాల. "తలుచుకున్నాడు. సుంకమ్మ మన ఇంట్లోనే ఉండాల, బాగా చూసుకో వదినా అన్నాడు" అని చెప్పినాను. అప్పుడు ఏడ్చింది సుంకమ్మ. నా ఒళ్ళో తల పెట్టుకోని ఏడ్చింది.

ఆ పిల్లకు ఊరట కోసం అట్ల చెప్పినానని చానా ఏండ్లు నన్ను నేను నమ్మించుకున్నాను. ఊరట కోసమే అయితే నిన్ను తలుచుకున్నాడు అంటే సరిపోయేది. ఇంట్లోనే ఉండాల అని ఎందుకు కలిపినాను? నా మొగుడు బతికినాడు గానీ చేతుల్లో వణుకు మిగిలింది. మాట ఒకటొకటి వెతుక్కోని చెప్పినట్టు చెప్తాడు. అత్త ముసలిది. నా కడుపులో పెద్దోడు ఉండె. ఆ ఇంటికి ఇంకొక జత చేతులు కావాల్సొచ్చినాయి. చనిపోయినోని నోట్లో నాకు కావాల్సిన మాట పెట్టినాను.

కొన్నాళ్ళకు సుంకమ్మ నాయన తుగ్గలి నుంచి వచ్చినాడు. మా వాళ్ళల్లో మారుమనువు ఉంది. పిల్లా జెల్లా లేని చిన్నపిల్ల, ఇట్ల ఎంతకాలం ఉంటాది అని మెత్తగానే అడిగినాడు. సుంకమ్మే ముందుకొచ్చి, ఆయప్ప ఈ ఇంట్లోనే ఉండమన్నాడు నాయనా, నేను రాను అని చెప్పింది. నేను తలుపు చాటున నిలబడి ఉన్నాను. ఒక్క అడుగు ముందుకేసి ఉంటే చాలు. వేయలేదు. ఆ పెద్దాయన నా చేతి మజ్జిగ తాగి, దండం పెట్టి పోయినాడు.

అత్త పోయినాక చేను గుత్తకిచ్చి ఎమ్మిగనూరుకు వచ్చినాము. నా మొగుడు ఒక నూలు అంగడిలో కూర్చుంటాడు. నేనూ సుంకమ్మా మగ్గాలోళ్ళకు నూలు కండెలు చుడతాము. నా పిల్లలిద్దరినీ పెంచింది ఆమే. వాళ్ళు ఆకలైతే నా దగ్గరికి రారు, పిన్నీ అని ఆమె దగ్గరికే పోతారు.

కొన్నేండ్ల కిందట మా వీధిలో ఒక పాత బావి పూడిక తీస్తాండిరి. నీళ్ళు తోడేదానికి ఆయిల్ ఇంజిన్ బావి లోపలి గట్టు మీదనే దింపినారు. పొగ పైకి రాలేదు. ఇంజిన్ ఆపడానికి దిగిన మనిషి పడిపోయినాడు. వాళ్ళ తమ్ముడు పరిగెత్తుకొచ్చినాడు. నేను అడ్డం పోయి ఆ పిల్లోని నడుము రెండు చేతులా పట్టుకున్నాను. గుద్దినాడు, గీరినాడు. వదల్లేదు. కాసేపటికి తాళ్ళు, మనుషులు వచ్చినారు. లోపలున్నాయన బతకలేదు. నువ్వు పట్టుకోకపోయింటే నా మొగుడు బతికేటోడు అని ఆయన పెండ్లాం నన్ను వీధిలో నిలబెట్టి తిట్టింది. తిట్టించుకున్నాను.

ఇంటికొచ్చినాక నా మొగుడు నా చేతుల మీది గీతలు చూసినాడు. నిదానంగా, ఒక్కొక్క మాటే కూడబలుక్కోని, మద్దిలేటిని గూడ ఎవరన్నా అట్ల పట్టుకోనింటే బాగుండు అన్నాడు. పట్టుకున్నారు. బసప్ప తాత పట్టుకున్నాడు. విడిపిచ్చింది నేను. ఈ మాట నాలుక దాకా వచ్చింది. మింగేసినాను.

మరి ఇప్పుడెందుకు చెప్తాండావు అని మీరు అడగొచ్చు. మొన్న పక్కింటి రంగమ్మ ఒక కబురు తెచ్చింది. మగ్గం నేసే ఒకాయనకు పెండ్లాం పోయింది. మంచోడు. సుంకమ్మను చేసుకుంటానని అడిగిపిచ్చినాడు. సుంకమ్మకు ఇప్పుడు ముప్పై నాలుగేమో. కబురు విని నవ్వింది. నవ్వినప్పుడు ఆ ముఖంలోకి ఏదో వెలుతురు వచ్చిందని నేను చూసినాను. వెంటనే రాట్నం వైపు తిరిగి, ఆయప్ప మాట ఉంది గదా అక్కా, ఇంగెందుకు ఇవన్నీ అనింది.

నేను ఇంక ఉండలేకపోయినాను. రాట్నం ఆపు సుంకమ్మా అన్నాను. అంతా చెప్పినాను. మద్దిలేటి ఆగిన సంగతి, నేనన్న మాట, ఆయప్ప అన్న మాట, ఆమెను ఇంట్లో ఉండమనడం నా కల్పన అన్న సంగతి, ఎందుకు కల్పించినానో అది కూడా. క్షమించు అని అడగలేదు. అడిగితే ఆమె క్షమిస్తుంది, ఆమె స్వభావం అది. ఇన్నేండ్లు ఆమె దగ్గర తీసుకున్నవి చాలు.

సుంకమ్మ చేతిలోని కండెను చూస్తా వినింది. నేను ఆపినాక, ఇంగేమన్నా ఉందా అని అడిగింది. లేదన్నాను. నూలు చుట్టి పక్కన పెట్టింది. పిల్లలకు అన్నం పెట్టింది. మరుసటి రోజు పొద్దున రెండు చీరలు సంచిలో పెట్టుకోని తుగ్గలికి పోతాండానని పిల్లలకు చెప్పింది. నాకు చెప్పలేదు.

మా ఇంటికి ఉన్నది ఒకటే గది. నేను చెప్తాన్నప్పుడు నా మొగుడు గడప అవతల కూర్చోని ఉన్నాడని నాకు తెలుసు. తెలిసే చెప్పినాను. సుంకమ్మ పోయినాక నా మొగుడు ఒక్క మాట అన్నాడు. వాడు నామీద ప్రాణంతో దిగినాడనుకుంటి అన్నాడు. నీ మీద ప్రాణంతోనే దిగబోయినాడు, తాత ఆపినాడు, తర్వాత నేను దింపినాను అని చెప్పినాను. ఆయప్ప లేచి అంగడికి పోయినాడు. అప్పట్నుంచి నాతో అవసరమైనంత మటుకే మాట్లాడుతాన్నాడు. ఆ మనిషికి తమ్ముడు మిగిల్చి పోయింది ఆ ఒక్క నమ్మకం. దానికి నేను చిల్లు పొడిచినాను. చెప్పడం మంచిదా, చెప్పకపోవడం మంచిదా? నాకు ఇంకా తెలీదు. చెప్పడం వల్ల నేను మంచిదాన్ని అయిపోలేదని మాత్రం తెలుసు.

సుంకమ్మ ఇంకా రాలేదు. వస్తుందో రాదో, ఆ నేతాయనకు సరే అంటుందో లేదో, నా ముఖం మళ్ళీ చూస్తుందో లేదో తెలీదు. పిల్లలు రోజూ అడుగుతారు.

ఈ పొద్దు రంగమ్మ జవాబు కోసం వచ్చింది. సుంకమ్మ ఊరికి పోయిందని చెప్పినాను. పాపం, అన్న కోసం తనంతట తాను ప్రాణమిచ్చిన మొగున్ని అంత సులువుగా ఎట్ల మర్చిపోతుందిలే అనింది రంగమ్మ. ఎప్పటి మాదిరి తల ఊపబోయినాను.

"ఆయప్ప తనంతట తాను దిగలేదు రంగమ్మా. దిగమని నేను పంపినాను."

రంగమ్మ ఏదో అడిగింది. నాకు సరిగ్గా వినపడలేదు. నా గొంతు మాత్రం వినపడింది. వణకలేదు. చానా ఏండ్ల తర్వాత అది నా గొంతు మాదిరే ఉండె.